ధృవాల మంచు: జనం అనుకునేవి, నేను గుంట తవ్వి చూసేవి (అపోహలు - వాస్తవాలు)

శీతాకాలాలు నేను నార్వే ఉత్తరాన ఫిన్‌మార్క్‌లో మంచు కొలుస్తూ గడుపుతాను. స్కేలు గుచ్చి లోతు చూస్తే అయిపోయే పని కాదు ఇది, నేల కనపడేదాకా గుంట తవ్వాలి, గోడని బ్రష్‌తో శుభ్రం చేయాలి, ఏ పొర ఎంత గట్టిగా ఉంది ఎంత చల్లగా ఉంది గింజ ఎలా ఉంది అని ఒక్కోటీ రాసుకోవాలి. ఇంటికి ఫోన్ చేసి "మంచులో పని చేసొచ్చానమ్మా" అంటే అమ్మకి లంబసింగి పొగమంచు గుర్తొస్తుంది. ఆవిడ అనుకోవడంలో తప్పేం లేదు, మనకి పొద్దున్నే గడ్డి మీద ఉండేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే, ఫ్రీజర్‌లో పేరుకునేదీ మంచే. కానీ ధృవాల దగ్గర జరుగుతున్న కష్టమంతా ఈ తేడాల్లోనే ఉంది. అందుకని ఇక్కడ పైనుంచి కురిసేదాన్ని మంచు అంటాను, నీళ్ళు గట్టిపడి అయ్యేదాన్ని ఐస్ అంటాను, కలపకుండా చదవండి.

అపోహ: వేడెక్కితే మంచు తగ్గుతుంది, జంతువులకి మేత సులువుగా దొరుకుతుంది, ఒక రకంగా మంచిదే

బంధువుల గ్రూపులో ఎక్కువగా వచ్చే మాట ఇదే, చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది.

వాస్తవం ఏంటంటే రెయిన్‌డీర్‌కి, అంటే ఇక్కడ మందలుగా పెంచే ధృవపు జింకకి, మంచు అడ్డం కాదు. అర మీటరు మెత్తటి మంచు కింద నేల మీద నాచులా పెరిగే లైకెన్‌ని అది వాసన పట్టి, ముందు గిట్టలతో తవ్వి తినేస్తుంది, వేల ఏళ్ళుగా బతుకుతున్నదే అలాగ. దాన్ని చంపేది నడి శీతాకాలంలో పడే వాన. వాన నీళ్ళు మంచులోంచి కిందకి దిగి నేల దగ్గర ఆగుతాయి, రెండు రోజుల్లో మళ్ళీ మైనస్ 15కి పడిపోతుంది, ఇక లైకెన్ మీద అద్దం బిగించినట్టు ఐస్ పలక కూర్చుంటుంది. వసంతం దాకా అది కరగదు.

మేం గట్టిదనం చూడడానికి చేత్తోనే ఒక పరీక్ష చేస్తాం. పొరలోకి పిడికిలి దిగితే మెత్తన, తర్వాత నాలుగు వేళ్ళు, తర్వాత ఒక వేలు, అదీ దిగకపోతే పెన్సిల్, ఆఖరికి కత్తి. మంచి ఏడాదిలో నేలకి దగ్గర్లో పంచదార పలుకుల్లాంటి వదులు గింజలుంటాయి, గుప్పెట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. ఇక్కడి ఆదివాసులైన సామీ పశుపాలకులు దాన్ని సెయంగాశ్ అంటారు, రెయిన్‌డీర్ ముట్టె పెట్టడానికి వాళ్ళకి కావాల్సిన పొర అదే. ఒక జనవరిలో వాన పడిన నాలుగో రోజు నేను తవ్విన గుంటలో ఆ పొర ఉండాల్సిన చోట కత్తి మొన కూడా దిగలేదు, పారతో కొడితే టంగుమని మోగింది. పక్కన నిలబడ్డ సామీ పెద్దాయన వంగి ఒకసారి చేత్తో తడిమి "చువోహ్కి" అన్నాడు. మేత మీద ఐస్ కప్పేసింది అని ఆ ఒక్క మాటకి అర్థం. నా నోట్‌బుక్‌లో అది రాయడానికి అర పేజీ పట్టింది. ఆయన నా అంకెల కోసం ఆగలేదు, అక్కడి నుంచే మేత కోసం ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు.

ఇది ఒక్క ఊరి కథ అనుకోకండి. రష్యాలో యమల్ ద్వీపకల్పం మీద 2013 నవంబర్‌లో వాన పడి గడ్డకట్టింది, ఆ చలికాలంలో 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో పోయాయి, అక్కడి నెనెట్స్ కుటుంబాలు కొన్ని మందలు మొత్తం పోగొట్టుకున్నాయి. 2006లోనూ అక్కడే ఇలాగే 20,000 దాకా పోయాయి. కెనడాలో బ్యాంక్స్ దీవిలో 2003 అక్టోబర్ వానకి దాదాపు 20,000 మస్క్ ఆక్స్‌లు (ఒళ్ళంతా పొడుగు బొచ్చుండే ధృవపు పశువులు) చనిపోయాయి. యమల్ పక్కన బారెంట్స్, కారా సముద్రాల్లో ఐస్ ఆలస్యంగా కడుతోంది, తెరిచి ఉన్న నీళ్ళ మీద నుంచి తేమ లేస్తుంది, అది వానై పడుతుంది.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో వేసవి పెరిగి గడ్డి బాగా మొలుస్తోంది, అక్కడ రెయిన్‌డీర్ సంఖ్య పెరిగింది కూడా. కానీ 1994లో పుట్టినవి పెద్దయ్యాక సగటున 55 కిలోలుంటే 2010లో పుట్టినవి 48 కిలోలే తూగాయి, ఎక్కువ నోళ్ళు, శీతాకాలంలో ఐస్ కింద మేత, రెండూ కలిసి. సంఖ్య ఒక్కటే చూసి "బాగానే ఉన్నాయి కదా" అనేవాళ్ళు బరువు కూడా చూడాలి.

అపోహ: మంచు చల్లన కాబట్టి దాని కింద ఏదీ బతకదు

వాస్తవం: మంచు దుప్పటి. ఒకసారి పైన గాలి మైనస్ 27 ఉంటే 60 సెంటీమీటర్ల కింద, నేల దగ్గర నా థర్మామీటర్ మైనస్ 3 చూపించింది. కొత్తగా పడిన మంచులో ఎక్కువ భాగం గాలే, అందుకే వేడి బయటకి పోనివ్వదు. లెమ్మింగ్ అనే చిన్న ఎలుకజాతి ప్రాణి ఆ దుప్పటి కింద సొరంగాలు చేసుకుని నడి శీతాకాలంలో పిల్లల్ని కూడా పెడుతుంది, వాటి మీద ఆధారపడే ధృవపు నక్క, మంచు గుడ్లగూబ బతుకుతాయి. వాన పడి ఆ మంచు ఐస్ అయితే దుప్పటి పోయి రేకు కప్పినట్టే, ఎందుకంటే ఐస్‌లోంచి వేడి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, సొరంగాలూ మూసుకుపోతాయి. సముద్రం ఐస్ మీద రింగ్డ్ సీల్ కూడా ఇంతే, మంచు దిబ్బలో గుహ చేసుకుని పిల్లని అందులో దాస్తుంది, వానకి ఆ కప్పు కూలితే పిల్ల తెల్ల ఎలుగుకి ఎదురుగా ఉన్నట్టే.

ఇదే దుప్పటి ఇంకోచోట చెరుపు చేస్తుంది. శరదృతువులోనే మందంగా మంచు పడితే వేసవి వేడి నేలలోనే ఉండిపోతుంది, ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉన్న పర్మాఫ్రాస్ట్ మెత్తబడుతుంది, దాని మీద కట్టిన ఇళ్ళు ఒరుగుతాయి. అంటే మంచు ఎంత పడింది అన్నదానికి సమానంగా ఎప్పుడు పడింది అన్నదీ రాసుకోవాలి.

అపోహ: ఈ ఏడాది మంచు బాగా కురిసింది, కాబట్టి వేడెక్కడం అబద్ధం

ఈ మాటకి నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఎక్కువ మంచు కూడా ప్రాణాలు తీస్తోంది. వేడి గాలి ఎక్కువ తేమ మోస్తుంది, ఆ తేమ సున్నా కింద ఉన్నచోట మంచుగానే పడుతుంది. 2018లో ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బర్గ్‌లో మంచు ఎంత ఆలస్యంగా కరిగిందంటే ఆ ఏడాది చాలా మొక్కలకి విత్తనం లేదు, తీరపు పక్షులకి పిల్లల్లేవు, నక్కలకీ లేవు. 2021-22 వేసవిలో అంటార్కిటికాలో, మన దేశపు పరిశోధన కేంద్రం మైత్రి స్టేషన్ ఉన్న క్వీన్ మాడ్ ల్యాండ్‌లోనే, స్వార్తహామరెన్ అనే చోట మంచు తుఫాన్లు ఆగలేదు. వేల కొద్దీ అంటార్కిటిక్ పెట్రెల్ అనే సముద్రపు పక్షి గూళ్ళుండే ఆ కొండ మీద ఆ ఏడాది గుడ్డు పెట్టినవి మూడు. స్కువా అనే ఇంకో సముద్రపు పక్షి గూడు ఒక్కటి కూడా లేదు. రాళ్ళ మీద గుడ్డు పెట్టే పక్షికి రాయే కనపడకపోతే ఏం చేస్తుంది?

అపోహ: అంటార్కిటికాలో రోజూ మంచు కురుస్తూనే ఉంటుంది

లేదు, లోపలి పీఠభూమి మీద ఏడాదికి కరిగిస్తే కొన్ని సెంటీమీటర్ల నీళ్ళే, అది ఎడారి. అక్కడ కనపడేది చాలావరకు గాలి ఎగరేసుకొచ్చిన పాత మంచు. 1983-84లో ఐస్ షెల్ఫ్ మీద, అంటే సముద్రం మీద తేలే మందపాటి ఐస్ పలక మీద, కట్టిన మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోయి 1990లో వదిలేయాల్సొచ్చింది, మైత్రిని రాతి నేల మీద కట్టారు.

అపోహ: అక్కడి జనం మంచులో పుట్టి పెరిగినవాళ్ళు, వాళ్ళకి ఏదైనా అలవాటే

అలవాటు ఉన్నది తెలిసిన మంచుకి. సామీ వాళ్ళకి గువోహ్తున్ అని ఒక మాట ఉంది, మేత భూమి అని దాని అర్థం, మంచులోంచి ఆ మేత అందే స్థితి అని కూడా దానికే అర్థం. ఏ లోయలో ఎప్పుడు బాగుంటుందో తాతల నుంచి వచ్చిన లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పినప్పుడు మందని ఇంకో చోటికి తోలాలంటే అక్కడ గనో గాలిమరలో రోడ్డో ఉంటుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటామే, అలా. మిగిలింది బస్తాల దాణా కొని చేత్తో పెట్టడం. ఆ ఖర్చు ఒక ఎత్తు, ఒకేచోట గుమిగూడిన మందల్లో కంటి జబ్బులు అంటుకోవడం ఇంకో ఎత్తు. కెనడా, గ్రీన్‌లాండ్ వైపు ఆదివాసులైన ఇన్యూట్ వేటగాళ్ళకి ఇంకో ప్రమాదం, సముద్రం ఐస్ మీద త్వరగా మందంగా మంచు పడితే కింద ఐస్ గట్టిపడదు, పైకి మాత్రం తెల్లగా చదునుగా కనపడుతుంది, స్నోమొబైల్ దాని మీదకి వెళ్తుంది.

ఊళ్ళలో ఉన్నవాళ్ళకీ తప్పలేదు. స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌యియర్‌బీన్‌లో 2015 డిసెంబర్ 18 రాత్రంతా తుఫాను గాలి కొండ అంచున మంచు పోగేసింది, 19 శనివారం పొద్దున అది జారి 11 ఇళ్ళని నెట్టేసింది, ఇద్దరు చనిపోయారు. 2017 ఫిబ్రవరిలో ఇంకోటి వచ్చి మళ్ళీ ఇళ్ళని కొట్టింది. తర్వాత ఆ వాలు మీద అడ్డు కంచెలు కట్టారు, దాని కింద ఉన్న ఇళ్ళు చాలా ఖాళీ చేయించి తీసేశారు.

నవంబర్ వచ్చిందంటే ఆ పెద్దాయన నాకు ఫోన్ చేస్తాడు. ఎంత మంచు పడుతుందని ఆయన ఎప్పుడూ అడగడు, వాన ఉందా, ఉంటే తర్వాత ఎన్ని గంటలకి గడ్డకడుతుంది అని అడుగుతాడు. నేను ఫోర్‌కాస్ట్ చూసి చెప్తాను, ఆయన కాసేపు మాట్లాడకుండా ఉండి, సరే, మందని పైకి తోలతాను అంటాడు.