ఇంటి చదరంగం, టోర్నమెంటు చదరంగం: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగిళ్లలో పిల్లలకు ముందు అబ్బేది ఇంటి చదరంగమే. అందులో బంటు మొదటి ఎత్తుకూ ఒక్క గడే కదులుతుంది. చెక్ పడకముందు రాజు ఒకసారి గుర్రంలా దూకొచ్చు. టోర్నమెంటులో అలా దూకించి గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) గేములో మొదటిసారికి ప్రత్యర్థికి 2 నిమిషాలు కలుపుతారు, రెండోసారికి మామూలుగా గేమే పోతుంది.

అపోహ: ఓపెనింగ్‌లో (ఆట మొదట్లో) ఒకే పావును రెండుసార్లు కదపకూడదు.

వాస్తవం: కారణం ఉంటే కదపాలి. (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస; పావు పేరు లేకపోతే అది బంటు ఎత్తు; ముందు తెల్ల, తర్వాత నల్ల.) ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 గుర్రం సీ6, బిషప్ సీ4 గుర్రం ఎఫ్6 తర్వాత తెల్ల గుర్రం జీ5కి వెళ్తే ఎఫ్7 మీద రెండు పావుల గురి పడుతుంది. నల్ల మామూలుగా డీ5 ఆడుతుంది, తెల్ల బంటుతో కొడుతుంది. ఇక్కడే పిల్లలు బోల్తా పడతారు. ఆ బంటును గుర్రంతో తిరిగి కొడితే తెల్ల గుర్రం ఎఫ్7లో బలికి దిగుతుంది. రాజు దాన్ని తినగానే మంత్రి ఎఫ్3 చెక్. డీ5 గుర్రాన్ని కాపాడుకోవాలంటే రాజు ఈ6కి, నడిబోర్డు మీదికి రావాలి. కొట్టకుండా గుర్రం ఏ5 ఆడండి. బిషప్ బీ5 చెక్, సీ6, బంటు కొట్టు, బంటు తిరిగి కొట్టు. నల్లకు ఒక బంటు తక్కువే, కానీ తెల్ల బిషప్, గుర్రం రెండూ వెనక్కి పరుగెత్తాలి. నా లెక్కలో ఆ బంటు ధర గిట్టుబాటే.

అపోహ: నల్ల గుర్రం ఎఫ్6కి బదులు ముందే హెచ్6 ఆడేస్తే గొడవ ఉండదు.

వాస్తవం: గుర్రం జీ5కి రాదు, నిజమే. తెల్ల మాత్రం డీ4తో మధ్యభాగం తెరుస్తుంది, మీ పావులు ఇంకా ఇంట్లోనే ఉంటాయి.

అపోహ: ఏనుగు మీద దాడి ఉంటే క్యాస్లింగ్ (రాజు ఏనుగు వైపు రెండు గడులు జరిగి, ఏనుగు రాజును దాటి పక్కన చేరే ఎత్తు) కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. రాజు చెక్‌లో ఉండకూడదు, దాటే గడి, చేరే గడి దాడిలో ఉండకూడదు, దాడి విషయంలో అంతే. ముందు రాజునే పట్టుకోండి. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ పోయినట్టే, ఏనుగునే కదపాలి.

అపోహ: అదే స్థితి మూడుసార్లు వస్తే గేము దానంతటదే డ్రా.

వాస్తవం: దానంతటదే ఆగేది ఐదోసారికి. మూడోసారికి మీరే అడగాలి. మీ ఎత్తుతో ఆ స్థితి వస్తుందంటే దాన్ని ఆడకుండా షీటు (ఎత్తులు రాసే కాగితం) మీద రాసి, గడియారం ఆపి ఆర్బిటర్‌ని (టోర్నమెంటు న్యాయనిర్ణేతను) పిలవాలి. ముందు ఆడేసి గడియారం నొక్కితే అడిగే హక్కు అప్పటికి పోతుంది. ఒడియా రాదని పిల్లలు నోరు మెదపరు. షీటు శుభ్రంగా ఉంటే వేలితో చూపినా ఆర్బిటర్‌కి అర్థమవుతుంది.