పాజిటివ్ మైండ్‌సెట్, జీవిత లక్ష్యం: కౌన్సెలింగ్‌లో తరచూ వినే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు

"మనసు కుదుటపడ్డాక మొదలుపెడతాను" అన్న మాట కౌన్సెలింగ్‌లో వినిపించినంతగా ఇంకేదీ వినిపించదు. నిజానికి చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు. ముందు చిన్న పని జరుగుతుంది, ఉత్సాహం దాని వెనకాలే వస్తుంది. కింది అపోహల్లో చాలావాటికి మూలం ఈ క్రమాన్ని తప్పుగా అర్థం చేసుకోవడమే.

అపోహ: కోరుకున్నది జరిగిపోయినట్టు రోజూ ఊహించుకుంటే అది జరిగి తీరుతుంది.

వాస్తవం: ఊహ ఒక్కటే ఉంటే నష్టమే ఎక్కువ. మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియెల్ ఓటింగెన్, థామస్ వాడెన్‌తో కలిసి 1991లో ఒక అధ్యయనం ప్రచురించారు. బరువు తగ్గించే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళల మీద చేసింది. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్లు బాగా తగ్గారు. సన్నబడిపోయినట్టు తీయటి ఊహల్లో తేలిపోయినవాళ్లు మాత్రం మిగతావాళ్లకంటే తక్కువ తగ్గారు. నమ్మకం వేరు, పగటికల వేరు. గెలుపు రుచిని మనసు ముందే చూసేస్తే ఒళ్లు సడలిపోతుంది, కదలాల్సిన అవసరం కనబడదు.

ఊహను పనికి జోడించే పద్ధతి కూడా ఆమే రూపొందించారు. కాగితం మీద పది నిమిషాల పని:

1. రాబోయే నాలుగు వారాల్లో చేయగలిగిన కోరిక ఒకటే రాయండి. కష్టంగా ఉండాలి, అసాధ్యంగా ఉండకూడదు.
2. అది నెరవేరితే కలిగే మేలును ఒక నిమిషం కళ్లు మూసుకుని ఊహించండి.
3. దానికి మీ లోపలినుంచి అడ్డుపడేదేమిటో రాయండి: బద్ధకమా, భయమా, అలవాటా?
4. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ఒక వాక్యం రాయండి.

రెండో మెట్టు, మూడో మెట్టు తారుమారైతే ఫలితం ఉండదు. ముందు మేలు, తర్వాత అడ్డంకి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది మూడో మెట్టు దగ్గర. "టైమ్ లేదు", "ఇంట్లో సహకారం లేదు" అని రాస్తారు. అవి నిజమే కావచ్చు, కానీ ఆ వాక్యంతో మీరు చేయగలిగిందేమీ లేదు. "టైమ్ లేదు" కింద ఇంకో గీత గీసి "ఎందుకు?" అని రాయండి. తరచూ కిందినుంచి బయటపడేది "సరిగ్గా రాదేమోనన్న భయం".

నాలుగో మెట్టు మీద పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 పరీక్షల ఫలితాలను కలిపి చూశారు. ఉత్త సంకల్పంకంటే ఈ తరహా వాక్యం స్పష్టంగా మెరుగ్గా పనిచేసింది. "రోజూ చదువుతాను" అనేది సంకల్పం. "రాత్రి తిన్న కంచం కడిగి పెట్టగానే ఫోన్ పక్క గదిలో వదిలి, కుర్చీలో కూర్చుని ఒక పేజీ చదువుతాను" అనేది ప్రణాళిక. "తీరిక దొరికినప్పుడు" అని రాస్తే ఆ తీరిక ఎప్పటికీ దొరకదు, పని మొదలుపెట్టాలని చెప్పే గుర్తు కళ్లకు కనబడేదై ఉండాలి. "ఫోన్ చూడను" లాంటి నిషేధపు వాక్యమూ వద్దు, అది ఫోన్‌నే గుర్తుచేస్తుంది. ఫోన్ బదులు ఏం చేస్తారో రాయండి. ఒకేసారి నాలుగైదు ప్రణాళికలు పెట్టుకుంటే ఒక్కటీ నిలవదు.

అపోహ: 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది.

వాస్తవం: ఈ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాటలనుంచి వచ్చింది. శస్త్రచికిత్స తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడటానికి "కనీసం సుమారు 21 రోజులు" పడుతుందన్నది ఆయన పరిశీలన. చేతులు మారేకొద్దీ "కనీసం" రాలిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలిస్తే, అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది.

అందులోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఒక రోజు తప్పినా అలవాటు కుదిరే తీరు పెద్దగా దెబ్బతినలేదు. 22వ రోజున "ఇంకా బలవంతంగానే చేస్తున్నాను, నాలోనే లోపముంది" అని మానేసేవాళ్లను మోసగించింది ఆ అంకే.

అపోహ: అద్దం ముందు "నేను గొప్పవాణ్ని" అని చెప్పుకుంటే ఆత్మవిశ్వాసం పెరుగుతుంది.

వాస్తవం: ఇప్పటికే ఉన్నవాళ్లకు కాస్త పెరగొచ్చు. జోవాన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవాళ్లు "నేను ప్రేమించదగ్గ మనిషిని" అని పదేపదే అనుకున్నాక మరింత దిగులుపడ్డారు. నమ్మని మాట అంటుంటే, లోపలినుంచి దానికి ఎదురు సాక్ష్యాలు ఒక్కొక్కటే లేస్తాయి. నిజమని ఒప్పుకోగలిగిన వాక్యాన్నే వాడండి: "నిన్న వాయిదా వేసిన ఫోన్ కాల్ ఇవాళ చేశాను."

అపోహ: పాజిటివ్‌గా ఉండేవాళ్లకు నెగెటివ్ ఆలోచనలు రావు, వస్తే తోసేయాలి.

వాస్తవం: తోసేస్తే తిరిగొస్తాయి. డేనియల్ వెగ్నర్ 1987 ప్రయోగంలో తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెప్పినవాళ్లకు అది వస్తూనే ఉంది. ఆ నిషేధం ఎత్తేశాక, మొదటినుంచీ తలుచుకోమని చెప్పినవాళ్లకంటే వీళ్లకే ఎక్కువసార్లు వచ్చింది.

అణచడంకంటే వాయిదా వేయడం తేలిక. దిగులుకు రోజులో ఒక వేళ, ఒక చోటు కేటాయించండి. పదిహేను నుంచి ఇరవై నిమిషాలు చాలు. మంచం మీద వద్దు, పడుకునే ముందూ వద్దు. పగలు ఆలోచన వచ్చినప్పుడు ఒకటి రెండు మాటల్లో రాసుకుని చేతిలో పనికి తిరిగి రండి. ఆ వేళకు చీటీ తీసి రెండు వరసలు చేయండి: నేను చేయగలిగింది ఉన్నవి, లేనివి. మొదటి వరసలో ఒక్కోదానికి రేపటి అడుగు రాయండి. రెండో వరసను చదివి వదిలేయండి. మొదటి వారం ఇది కుదరనట్టే ఉంటుంది, ఆలోచన పది నిమిషాలకే మళ్లీ తలుపు తడుతుంది. మళ్లీ రాసుకోవడమే. సాయంత్రానికి సగం చీటీలు చప్పబడిపోవడం మామూలు.

అపోహ: లక్ష్యాలు రాసుకున్న 3 శాతం మంది మిగతా 97 శాతం కంటే ఎక్కువ సంపాదించారని యేల్ యూనివర్సిటీ తేల్చింది.

వాస్తవం: 1953 బ్యాచ్ మీద జరిగిందని చెప్పే ఆ అధ్యయనం అసలు జరగనేలేదు. అయినా వేదికల మీద ఇంకా బతికే ఉంది.

అపోహ: ప్రతి మనిషికీ పుట్టుకతో ఒక పరమార్థం ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి.

వాస్తవం: ఈ నమ్మకానికి ఒక చిక్కుంది. పాల్ ఒకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ 2018లో చూపించినట్టు, ఆసక్తి ముందే తయారై లోపల ఉందనుకునేవాళ్లు పని కష్టంగా మారగానే "ఇది నాది కాదేమో" అని తేలిగ్గా వదిలేస్తారు. ఆసక్తి పెరుగుతుందనుకునేవాళ్లు కాసేపు ఆగుతారు. ఇకిగై అంటే జపాన్ భాషలో బతకడానికి కారణం. నచ్చేది, బాగా వచ్చేది, లోకానికి కావాల్సింది, డబ్బు తెచ్చేది అనే నాలుగు వృత్తాలతో జపాన్ జ్ఞానమంటూ తిరిగే ఇకిగై బొమ్మ కూడా జపాన్‌ది కాదు. పరమార్థం గురించి వేరేవాళ్లు గీసిన బొమ్మకు మార్క్ విన్ అనే బ్లాగర్ 2014లో ఆ పేరు తగిలించాడు. నాలుగూ కలిసే చోటు దొరకలేదని దిగులుపడక్కర్లేదు.

వెతకడం బదులు పరీక్షించడం మేలు. ముందు ఒక వారం, ఏ పనిలో గంట గడిపినా పక్కన రెండు మార్కులు వేయండి, 0 నుంచి 10 వరకు: ఎంత హాయిగా ఉంది, ఎంత సాధించినట్టుంది. మార్కులు రోజుకు మూడు నాలుగుసార్లు వేయాలి. రాత్రికి ఒకేసారి వేస్తే అప్పటి మూడ్ రోజంతటికీ రంగు పులిమేస్తుంది. హాయి 3, సాధన 8 వచ్చిన పనులను జాగ్రత్తగా చూడండి, పరమార్థం ఎక్కువగా అక్కడే నక్కి ఉంటుంది. అందులో ఒకదాన్ని తీసుకుని ఆరు వారాలు, వారానికి రెండు మూడు గంటలు చేయండి. అది ఎవరో ఒకరికి ఉపయోగపడేదైతే మరీ మంచిది. మూడో వారం విసుగొస్తుంది, తీర్పు అప్పుడు చెప్పొద్దు. ఆరో వారం చివర రెండే ప్రశ్నలు: విసుగు తర్వాత కూడా తిరిగి వచ్చానా? ఇందులో ఇంకేదైనా నేర్చుకోవాలనిపిస్తోందా? రెండింటికీ కాదంటే ఇంకో పని ఎంచుకోండి.

అపోహ: ఆలోచన మార్చుకుంటే డిప్రెషన్ పోతుంది.

వాస్తవం: దిగులుగానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగానీ రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ రెండు వారాలపాటు ఉండి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత కూడా చెడితే పై చిట్కాలన్నీ పక్కనపెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. అది బలహీనత కాదు, చికిత్స ఉన్న జబ్బు. థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బి12 తగ్గినా ఇలాగే నీరసంగా, నిరాసక్తంగా ఉండొచ్చు కాబట్టి రక్తపరీక్షలు రాయవచ్చు. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకెళ్లండి: ఎప్పటినుంచి, రాత్రికి ఎన్ని గంటల నిద్ర, బరువులో మార్పు, వాడుతున్న మందులు, మద్యం అలవాటు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు లెక్కపెట్టొద్దు. ఆ రోజే దగ్గరివాళ్లలో ఒకరికి చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.