కెల్టుల కొనుగోలు క్రియ

‘అతడు కొంటాడు’ అనడానికి, ఐరిష్, వెల్ష్, బ్రెటన్ వంటి భాషలకు మూలమైన ఆదిమ కెల్టిక్ భాషలో *క్వ్రినతి అనేవారని భాషా శాస్త్రవేత్తల నిర్ధారణ. మొదట ఉన్న నక్షత్రపు గుర్తుకు (*) అర్థం, ఆ రూపం ఏ శాసనంలోనూ దొరకలేదని, దాని సంతతి భాషలను పోల్చి దాన్ని పునర్నిర్మించారని.

పాత ఐరిష్‌లో ఈ క్రియ క్రెనిద్, వెల్ష్‌లో ప్రనీ, బ్రెటన్‌లో ప్రెనా. ఒకవైపు ‘క’, మరోవైపు ‘ప’ వచ్చాయి కనుక, మూలంలో పెదవులు గుండ్రంగా చేసి పలికే ‘క్వ’ ఉండి ఉండాలి. ఐరిష్‌లోని ఎకారం కూడా మొదట ఇకారమే. తర్వాతి అక్షరంలోని అకార ప్రభావంతో అలా మారింది.

దీని దగ్గరి బంధువు సంస్కృతంలో ఉంది. ‘నా ఈ ఇంద్రుణ్ణి పది పాడి ఆవులకు ఎవరు కొంటారు’ అని ఋగ్వేదం నాలుగో మండలంలో ఒక కవి అడిగినప్పుడు వాడిన మాట ‘క్రీణాతి’. పాణినీయ సంప్రదాయంలో తొమ్మిదో ధాతుగణానికి, అంటే క్రియామూలాల వర్గానికి, ఈ ధాతువు మీదుగానే ‘క్ర్యాది’ అని పేరు వచ్చింది. మన క్రయ దస్తావేజులోని ‘క్రయం’ కూడా ఈ ధాతువు నుంచి పుట్టిందే. అచ్చ తెలుగు ‘కొను’కు మాత్రం దీనితో చుట్టరికం లేదు.

అసలు ఆసక్తికరమైనది *క్వ్రినతిలోని నకారం, సంస్కృత ‘క్రీణాతి’లో అదే ణకారం. అది వర్తమానానికి మాత్రమే చేరే ప్రత్యయం కాబట్టి ‘క్రీత’, ‘క్రయ’ రూపాల్లో కనబడదు. పాత ఐరిష్‌లోనూ సంభావనార్థకంలో (‘కొనవచ్చు’ వంటి అర్థమిచ్చే రూపంలో) ‘క్రియ’ అనే నకారం లేని రూపమే ఉంది. భూతకాలంలో సంస్కృతం ‘చిక్రాయ’ అని ధాతువును ద్విరుక్తం చేస్తే, ఐరిష్ ‘కీయుర్’ కూడా అలాంటి ద్విరుక్తి నుంచే అరిగి వచ్చింది. తేడా ఎక్కడంటే, సంస్కృతం ఏకవచనంలో ‘క్రీణామి’ (కొంటాను) అనీ బహువచనంలో ‘క్రీణీమః’ (కొంటాం) అనీ ప్రత్యయాన్ని మార్చుతుంది. కెల్టిక్ ఈ భేదాన్ని వదిలేసి, *క్వ్రినతి (కొంటాడు), *క్వ్రినంతి (కొంటారు) అంటూ అన్నిటా హ్రస్వమైన ‘న’నే నిలుపుకుంది.

అమ్మడానికి పాత ఐరిష్‌లో ‘రెనిద్’ అనేవారు. ఇది వేరే ధాతువు, గ్రీకు ‘పెర్నేమి’కి బంధువు, కెల్టిక్‌లో ఆదిలోని పకారం లోపించింది. దాని అచ్చు ‘కొను’ క్రియను చూసి మారిందని పండితుల అభిప్రాయం. ఇలా ప్రాస కలిసిన జంట పదాలు ఒకదానిలోకి ఒకటి జారడం సులువు. కొనుగోలుకు పాత ఐరిష్‌లో ‘క్రెక్’, అమ్మకానికి ‘రెక్’ ఉండగా, ఐల్ ఆఫ్ మాన్ ద్వీపపు మాంక్స్ భాషలో ‘క్రెక్’ అంటే అమ్మడం అయింది. ఆధునిక ఐరిష్ అయితే ఆ పాత క్రియను పూర్తిగా వదిలి, కొనడానికి వేరే మాట వాడుతోంది.