హామా నాషి: చెట్టుకి రక్షణ, అమ్మే బల్లకి పన్ను

టోక్యో 23 వార్డుల్లో కొత్త అపార్ట్‌మెంట్ సగటు ధర 2023లో 10 కోట్ల యెన్లు దాటింది. ధరలు ఇలా కొండెక్కినప్పుడల్లా అక్కడ ఒక పాత ప్రశ్న లేస్తుంది. ఉద్యోగస్తులు ఇల్లు కొనలేక అల్లాడుతుంటే రైలు స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో బేరిపండ్ల తోటలెందుకు? వాటికి పొలం లెక్కన పన్నెందుకు?

టోక్యో దగ్గరి యోకొహామాలో పండే బేరిపండుని ‘హామా నాషి’ అంటారు. ఊరి పేరులోని చివరి ముక్కని పండుకి తగిలించి, అక్కడి సహకార సంఘంలోని రైతులు పెట్టుకున్న పేరది. పక్కనే కవాసాకిలో ‘తమగావా నాషి’, టోక్యో శివార్లలో ‘ఇనాగి నాషి’ ఉన్నాయి. కవాసాకి తీరంలో 19వ శతాబ్దం చివర చోజురో రకం పుట్టడం, తర్వాత ఫ్యాక్టరీలు రావడంతో తోటలు నది వెంబడి పైకి జరగడం గురించి చాలామంది రాశారు. నేటి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 1991 చాలు.

అంతకు ముందు సంగతి ఒక్కటి చెప్పుకోవాలి. 1968 నాటి నగర ప్రణాళిక చట్టం మ్యాపు మీద గీత గీసింది. గీత లోపలి భూమిని పదేళ్లలోపు పట్టణంగా మార్చాలన్నది. ఆ గీత లోపల అప్పటికే బేరి తోటలు కాపు మీదున్నాయి. రైతులు ఇప్పటికీ చెప్పేది ఇదే: మేం నగరంలోకి రాలేదు, నగరమే మా తోటలోకి వచ్చింది.

1980ల చివర్లో భూముల ధరలకి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. జీతగాళ్లకి సొంతిల్లు కల అయింది. రైతులు భూమిని బిగబట్టుకుని ధర పెంచుతున్నారని గట్టిగా వినిపించింది. నాలుగు చెస్ట్‌నట్ మొక్కలు నాటి, వాటి మొహం చూడకుండా, పొలమని చూపించి పన్ను తప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఆరోపణలో నిజం లేకపోలేదు. కానీ దానికి ప్రభుత్వం వేసిన మందు, చెస్ట్‌నట్ నాటినవాడికీ ఏడాది పొడవునా చెట్టు కిందే ఉండేవాడికీ ఒకటే.

1991లో పార్లమెంటు ‘ఉత్పాదక హరిత భూమి’ చట్టాన్ని సవరించింది. టోక్యో, ఒసాకా, నగోయా చుట్టుపక్కల నగరాల రైతుల ముందు రెండే దారులు పెట్టింది. ఒకటి, 30 ఏళ్లు ఇల్లూ వాకిలీ కట్టకుండా సాగు చేస్తానని ఒప్పుకుని పొలం పన్ను కట్టడం. రెండోది, ఒప్పుకోకుండా ఇళ్ల స్థలం లెక్కన కట్టడం. తేడా తెలియాలంటే 1,000 చదరపు మీటర్లు, అంటే మన 25 సెంట్లు తీసుకోండి. మొదటి దారిలో ఏటా కొన్ని వేల యెన్లు, రెండో దారిలో కొన్ని లక్షలు. ఒప్పందంలో చేరాలంటే కనీసం 500 చదరపు మీటర్లుండాలి. పన్నెండు సెంట్ల పైచిలుకు.

ఇంకో మెలిక వారసత్వ పన్నులో ఉంది. అప్పట్లో దాని పై రేటు 70 శాతం. అంతకు ముందు పొలం సాగు చేసే వారసుడికి ఆ పన్ను వాయిదా పడేది, 20 ఏళ్లు సాగు చేస్తే రద్దయ్యేది. కొత్త నిబంధనతో ఈ నగరాల్లో ఆ వాయిదా ఒప్పందంలో ఉన్న భూమికే, అదీ వారసుడు బతికున్నంత కాలం సాగు చేస్తేనే. మధ్యలో అమ్మితే పన్ను వడ్డీతో సహా మీదపడుతుంది. తండ్రికి డెబ్బై, కొడుకు ఆఫీసు ఉద్యోగి. దాదాపు 1992 చివరికల్లా తేల్చుకోవాలి. అది ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. ఆ నగరాల్లోని పొలంలో సుమారు మూడో వంతే ఒప్పందంలోకి వచ్చింది. మిగతా దాంట్లో సగానికి పైగా ఆ తర్వాత ఇళ్లూ పార్కింగులూ అయిపోయింది.

ఒప్పందంలోకి వచ్చినవాళ్లు ఆ పాతిక, యాభై సెంట్ల మీద ఎలా నిలబడ్డారో తెలియాలంటే బేరి తోటలోకి వెళ్లాలి. అక్కడ చెట్టుని పైకి పోనివ్వరు. మనిషి తల ఎత్తున తీగల పందిరి వేసి, కొమ్మల్ని వంచి దానికి కడతారు. హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష పందిళ్లు ఉన్న రోజులు చూసినవాళ్లకి ఆ నీడ గుర్తొస్తుంది. చలికాలమంతా కొమ్మలు కత్తిరించడం, కట్టడం. ఏప్రిల్ మొదట్లో పూత. బేరి తన రకం పుప్పొడితో తాను కాయదు. వేరే రకం పుప్పొడిని ఈకల కుచ్చుతో పువ్వు పువ్వుకీ అద్దాలి. మెడ వెనక్కి వంచి, చేయి పైకెత్తి, రోజంతా అదే పని. మే నెలలో పిందెలు తుంచుతారు, మిగిల్చిన కాయకి బలం రావాలని. ఇంత పనీ ఆగస్టు, సెప్టెంబర్‌లలోని కొన్ని వారాల అమ్మకం కోసం.

ఆ అమ్మకం కూడా మార్కెట్‌యార్డుకి వెళ్లదు. లారీ ఎక్కే కాయని పూర్తిగా పండకముందే కోయాలి. ఇంటి గుమ్మం దగ్గర అమ్మేవాడు చెట్టు మీదే పండనిచ్చి తెల్లవారుజామున కోస్తాడు. కోసుయి రకం ఎక్కువ రోజులు ఆగదు, ఆగక్కర్లేదు కూడా, కొనేవాళ్లు నాలుగు వీధుల అవతలే ఉంటారు. అందుకే హామా నాషి సూపర్‌మార్కెట్లలో పెద్దగా కనిపించదు. తోట పక్కన రేకుల కప్పు, దాని కింద ఒక బల్ల, బల్ల మీద సంచులు, ముందు క్యూ. నా లెక్కలో ఈ బ్రాండుకి ఆయువుపట్టు ఆ బల్లే. మధ్యవర్తి లేడు కాబట్టే అంత తక్కువ భూమిలో సంసారం నడుస్తోంది.

1991 చట్టం చూడనిది ఆ బల్లనే. పందిరి కింది నేల పొలం. దాన్ని ఆనుకున్న ఇల్లు, పనిముట్ల షెడ్డు, కాయలు సర్దే చోటు, బల్ల ఉన్న జాగా సాధారణంగా ఇంటి స్థలం కిందే లెక్క. రైతు చనిపోతే పది నెలల్లో వారసత్వ పన్ను కట్టాలి. తోట మీది పన్ను వాయిదా పడుతుంది, షెడ్డు మీదిది పడదు. స్టేషన్ దగ్గర జాగా ధరకి ఆ పన్ను కట్టడం బేరిపండ్ల డబ్బుతో అయ్యే పని కాదు. షెడ్డు అమ్మాలి, లేదా తోటలో ఒక ముక్క తెగనమ్మాలి. రైతు పోయినా, మంచాన పడినా భూమిని కొనమని నగరపాలికని అడిగే హక్కు చట్టంలో ఉంది. కానీ కొనడానికి నగరాల దగ్గర డబ్బుండదు. మూడు నెలల్లో ఎవరూ కొనకపోతే ఆంక్షలు తొలగిపోతాయి. పందిరి తీగలు విప్పి, ప్లాట్లు వేస్తారు.

2015లో పట్టణ వ్యవసాయ ప్రోత్సాహ చట్టం వచ్చింది. నగరంలో పొలం ఉండవలసిందేనని ప్రభుత్వం మరుసటి ఏడాది ప్రణాళికలో ఒప్పుకుంది. 1968 నాటి మాటకి ఇది పూర్తిగా ఎదురు. 2017లో కనీస విస్తీర్ణాన్ని 300 చదరపు మీటర్లకి తగ్గించుకునే వీలిచ్చారు. ఒప్పంద భూమిలోనే అమ్మకపు దుకాణం పెట్టుకోనిచ్చారు. కానీ దుకాణం వేసిన మేరకి వారసత్వ పన్ను వాయిదా మామూలుగా దక్కదు. బల్లని తోటలోకి జరిపినా పన్ను దాని వెంటే వచ్చింది.

1992లో చేరిన తోటల 30 ఏళ్ల గడువు 2022లో తీరింది. భూములన్నీ ఒక్కసారి మార్కెట్‌లో పడి ఇళ్ల ధరలు కూలిపోతాయని ముందు కొన్నేళ్లు ఊదరగొట్టారు. పదింట తొమ్మిది వంతుల భూమికి రైతులు మరో పదేళ్ల పొడిగింపు తీసుకున్నారు. భూమిని బిగబట్టి ధర కోసం కాచుకున్నారన్న ముప్పై ఏళ్ల నిందకి దీనికన్నా జవాబేం కావాలి?

ఇళ్లు కావాలనేవాళ్ల బాధ అబద్ధం కాదు. తోట పక్కన ఫ్లాటు కొన్నవాళ్లకి తెల్లారగట్ల మందు కొట్టే యంత్రం చప్పుడు నరకంగానే ఉంటుంది. పచ్చదనం కోసం యోకొహామా 2009 నుంచి పౌరుల దగ్గర ఏటా 900 యెన్లు వసూలు చేస్తోంది కాబట్టి, వాళ్లకి అడిగే హక్కూ ఉంది. కానీ ఒక్కో తోటా తీసి పది ఇళ్లు కడితే ఇళ్ల కొరత తీరదు. ఆ పందిరి మళ్లీ పూర్తి కాపుకి రావాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది.

2022లో పొడిగించుకున్నవాళ్ల గడువు 2032లో ముగుస్తుంది. అప్పుడు సంతకం పెట్టాల్సినవాళ్లలో చాలామంది ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్న కొడుకులూ కూతుళ్లూ. తోటకి మరో పదేళ్లు అడగొచ్చు. ఇంటి స్థలంలో ఉన్న బల్లకి ఆ పొడిగింపు వర్తించదు.