సిగ్నల్ ఒకటే కదా అనుకోకండి: ఫిలిప్పీన్స్ తుఫాన్లపై అపోహలు, వాస్తవాలు

"సార్, మా అమ్మాయి ఉండే చోట తుఫాను సిగ్నల్ ఒకటో నంబరే అంట. ఫర్వాలేదు కదా?"

పిల్లల్ని ఎంబీబీఎస్‌కి ఫిలిప్పీన్స్ పంపిన తల్లిదండ్రులు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇది. తుఫాను హెచ్చరికల పనిలో ముప్పై ఏళ్ళు ఉండి రిటైరయ్యాను కాబట్టి ఊళ్ళో అందరి దగ్గరా నా నంబరు ఉంది. ఫర్వాలేదని మాత్రం నేను చెప్పను.

అపోహ: సిగ్నల్ నంబరు తక్కువైతే ప్రమాదం తక్కువ.

ఆ నంబరు గాలికి మాత్రమే. అక్కడి వాతావరణ శాఖ పగాసా 1 నుంచి 5 దాకా సిగ్నళ్ళు ఇస్తుంది. 1 అంటే గంటకు 39 నుంచి 61 కిలోమీటర్ల గాలి, 5 అంటే 185, ఆపైన. వాన ఎంత పడుతుందో, వాగు ఎప్పుడు పొంగుతుందో అందులో ఉండదు. భారీ వానకు పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు విడిగా ఇస్తారు. వాటిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు!

2009 సెప్టెంబరు 26న మనీలాను ముంచిన కెట్సానా తుఫాను అక్కడికి వచ్చేటప్పటికి టైఫూన్ (అక్కడ బాగా బలమైన తుఫాను) స్థాయి కూడా అందుకోలేదు. కానీ 24 గంటల్లో 455 మిల్లీమీటర్ల వాన కురిసింది. మరికినా నది పక్కన జనం ఇంటి కప్పులెక్కి కూర్చున్నారు. 2011 డిసెంబరులో వచ్చిన వాషీ కూడా అంతే, గాలి లెక్కన చిన్నదే. కగయన్ ద ఓరో, ఇలిగన్ నగరాల్లో నిద్రలో ఉన్నవాళ్ళ మీదికి అర్ధరాత్రి వరద వచ్చి పడింది. 1,200 మందికి పైగా పోయారు.

హయాన్ తుఫాను గాలి విషయంలో కూడా రాకాసే. అయినా 2013 నవంబరు 8న టక్లోబాన్ నగరంలో ఎక్కువమందిని చంపింది ఉప్పెన. దేశం మొత్తం మీద అధికారిక లెక్క 6,300 మంది. హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. అందులో ఉన్న "స్టార్మ్ సర్జ్" అనే ఇంగ్లిష్ మాట చాలామందికి అర్థం కాలేదు. సునామీ అని చెప్పి ఉంటే పరిగెత్తేవాళ్ళమని బతికినవాళ్ళు తర్వాత అన్నారు. మనకి ఉప్పెన అనే మాట ఉంది. మా అమ్మమ్మది దివిసీమ. 1977 గురించి చెప్పేటప్పుడు ఆవిడ గాలి ఊసే ఎత్తేది కాదు. గోడ మీద తన తలకన్నా పైన ఉన్న నీటి మరకను చేత్తో చూపించేది.

కాబట్టి పిల్లలకి ఫోన్ చేస్తే సిగ్నల్ ఎంత అని కాదు, ఎన్నో అంతస్తులో ఉన్నావు, పక్కన నది గానీ, సముద్రం గానీ, కొండవాలు గానీ ఉందా అని అడగండి.

అపోహ: దావావ్ వైపు, అంటే దక్షిణాన ఉన్న మిండనావో దీవికి తుఫాన్లు రావు.

తక్కువే. రావని కాదు. 2012 డిసెంబరులో బోఫా తుఫాను సరిగ్గా ఆ తూర్పు తీరాన్నే కొట్టింది. కొండల మీంచి దిగిన బురద ఊళ్ళను కప్పేసింది.

అపోహ: గాలి వేగం తగ్గించి చెబుతున్నారు.

హయాన్‌కి ఒకరు గంటకు 315 కిలోమీటర్లు అన్నారు, పగాసా 235 అంది. మొదటిది ఒక్క నిమిషం సగటు, రెండోది పది నిమిషాల సగటు. మన దేశ వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీస్తుంది. ఇందులో దాచేదేమీ లేదు.

అపోహ: గాలి ఆగిందంటే తుఫాను వెళ్ళిపోయినట్టే.

తుఫాను కన్ను మీ మీదుగా పోతుంటే కూడా ఆగుతుంది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. బయటికి రావద్దు.

కిటికీలకు టేపు అంటించడం దండగ, మానేయండి.

ఇక ఒకే తుఫానుకి రెండు పేర్ల సంగతి. అంతర్జాతీయంగా ఒక పేరుంటే పగాసా తన పేరు తను పెట్టుకుంటుంది. 2021 డిసెంబరులో ఒక తండ్రి వణుకుతూ ఫోన్ చేశారు. "రాయ్ ఒకటి, ఓడెట్ ఒకటి, రెండూ సెబూ మీదికే వస్తున్నాయట సార్!" రెండూ ఒకటేనని చెప్పాక కాస్త కుదుటపడ్డారు. 16వ తేదీ రాత్రి నుంచి కొడుకు ఫోన్ కలవలేదు. ఆయన టెన్షన్‌ని నేను తప్పుపట్టలేను. కరెంటు పోతే టవర్లు పోతాయి, ఫోన్ కలవలేదంటే మనిషికి ఏదో అయిందని కాదు అని రోజుకు రెండుసార్లు చెప్పాను. నాలుగో రోజు పొద్దున కుర్రాడే చేశాడు, తాగే నీళ్ళ క్యూలో ముందున్న మనిషి ఫోన్ అడిగి తీసుకుని.

"నలభై సెకన్లు మాట్లాడాడు సార్" అన్నారాయన. "అందులో సగం వాళ్ళమ్మ ఏడవడానికే సరిపోయింది."