మిలిటరీ కాలేజీ జీవితం తేలికైపోయిందా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఆదివారాలు తిరుమల కొండకు వెళ్లే శ్రీవారి మెట్టు దారిలో, సైనిక అకాడమీల్లో చేరడానికి నా దగ్గర తయారవుతున్న పిల్లలను 2,388 మెట్లూ ఆగకుండా నడిపిస్తాను. అది భక్తులు నడిచే దారి కనుక పరుగు మాత్రం పెట్టించను. ఈ మధ్య ఒక ఆదివారం, కొడుకును దింపడానికి పుత్తూరు నుంచి వచ్చిన ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి, "ఏంది సార్, మీ కాలంలో మాదిరి ఇప్పుడు కష్టమేమీ ఉండదంట గదా? ఫోన్లు గూడా ఇస్తారంట. మావోడు భయపడే పన్లేదు గదా?" అని అడిగారు. ఆయన ముఖంలో ఊరట కనిపించింది. అదే వారం నా కోర్సుమేటు ఒకడు ఫోన్ చేసి, "అంతా మెత్తబడిపోయిందిరా, వీళ్లు క్యాడెట్లా?" అని మండిపడ్డాడు. ఒకే మాట ఆయనకు ధైర్యాన్ని, ఇతనికి ఉక్రోషాన్ని ఇచ్చింది.

నేను 1980ల చివర్లో క్యాడెట్‌గా శిక్షణ పొందాను, 2000ల మధ్యలో శిక్షకుడిగా పనిచేశాను, పదవీ విరమణ తర్వాత తిరుపతిలో స్థిరపడి పిల్లలను ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్షకు, ఆ తర్వాత అధికారులను ఎంపిక చేసే బోర్డు జరిపే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు తయారుచేస్తున్నాను. మూడు వైపుల నుంచీ చూసినవాడిగా, తరచుగా వినిపించే కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: రగడా తగ్గింది కాబట్టి శిక్షణ తగ్గింది.

సీనియర్లు జూనియర్లకు వేసే శారీరక శిక్షలను అకాడమీల్లో రగడా అంటారు. కంకర మీద ఫ్రంట్ రోల్స్, రెండు మూడు నిమిషాలకొకసారి యూనిఫాం మార్చి పరుగెత్తుకొచ్చి వరుసలో నిలబడే పట్టీ పరేడ్, గదిలో ఉన్న సామాన్లన్నిటినీ బయటికి మోసుకొచ్చి నేల మీద పేర్చే బజ్రీ ఆర్డర్ వంటివన్నీ అందులోకే వస్తాయి. వీటి మీద నిఘా పెరిగిన మాట నిజమే. అయితే ఇవి ఏ రోజూ శిక్షణ ప్రణాళికలో భాగం కావు. పీటీ, డ్రిల్లు, ఆయుధాలు, ఈత, గుర్రపు స్వారీ, క్యాంపులు, చదువు అనే అసలు ప్రణాళిక ఎక్కడికీ పోలేదు. పాతవాళ్లు కష్టం అనగానే రగడాను గుర్తు చేసుకోవడానికి కారణం, చెప్పుకోవడానికి బాగుండే కథలు అక్కడే దొరకడం.

నన్నడిగితే, క్యాడెట్‌ను నిజంగా నలిపేది గడియారం. ఉదయం పీటీ ముగిసి మొదటి తరగతి మొదలయ్యే లోపు ఏం జరుగుతుందో చూడండి. చెమటతో ఒంటికి అతుక్కున్న తెల్ల బనీనుతో సైకిలెక్కి, తోటివాళ్లతో వరుస తప్పకుండా స్క్వాడ్రన్‌కు, అంటే క్యాడెట్లు ఉండే భవనానికి చేరాలి. స్నానం, గడ్డం, గంజి పెట్టిన యూనిఫాం, బ్రాసో పట్టించి మెరిపించిన బెల్టు బకిల్, అన్నీ కొన్ని నిమిషాల్లో అయిపోవాలి. మెస్సులో రొట్టె, గుడ్డు నోట్లో కుక్కుకుని మళ్లీ సైకిళ్ల వరుసలోకి రావాలి. టైరు పంక్చరైతే సైకిల్‌ను భుజాన వేసుకుని పరుగెత్తాలి. ఇంతా చేసి తరగతిలో కూర్చోగానే ఫ్యాను గాలికి రెప్పలు వాలిపోతాయి. కునుకు తీసినవాడు గది వెనక్కి వెళ్లి నిలబడాలి. ఫిజిక్సు పాఠానికి సగం తరగతి వెనక గోడకు నిలబడి ఉండటం నేను శిక్షకుడిగా ఉన్న రోజుల్లోనూ చూశాను. ఆ గడియారం వేగం అప్పటికీ ఇప్పటికీ అదే. రగడా తగ్గడం వల్ల క్యాడెట్‌కు మిగిలింది రాత్రిపూట కొంత నిద్ర, అది కూడా దొరికిన రోజున.

అపోహ: పరీక్షలు పాతవే కాబట్టి కష్టం కూడా పాతదే, లేదా అంతకంటే తక్కువ.

పరీక్ష మారకపోయినా, పరీక్షకు వచ్చే పిల్లవాడు మారాడు. ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఈతనే తీసుకుందాం. పది మీటర్ల బోర్డు మీద నుంచి నీళ్లలోకి దూకడం మా రోజుల్లోనూ తప్పలేదు, ఇప్పుడూ తప్పదు. కానీ మా తరంలో చిత్తూరు జిల్లా పల్లెల నుంచి వెళ్లినవాళ్లం సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లం, మోట గట్టు మీద నుంచి దూకడం మాకు ఆట. మా ఈతకు ఒడుపు లేదని ఉస్తాద్, అంటే శిక్షకుడు, తిట్టేవాడు గానీ, దూకమంటే ముందు నిలబడింది మేమే. ఇప్పుడా బావులు ఎండిపోయాయి, వాటి స్థానంలో బోర్లు వచ్చాయి, బోరులో ఎవరూ ఈత నేర్చుకోలేరు కదా. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది నిలువు లోతు నీళ్లను దగ్గర నుంచి చూసినవాళ్లు కారు. వాళ్లకు పది మీటర్ల ఎత్తు నాకు కనిపించిన పది మీటర్ల కంటే ఎంతో పెద్దది.

ఎముకల సంగతి కూడా ఇలాంటిదే. రెండేళ్ల ఇంటర్‌ను హాస్టల్ గదుల్లో, తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బల్ల ముందు గడిపి, ఆటస్థలం లేని భవనంలో ఎండ సోకకుండా పెరిగిన పిల్లవాడు గణితం పేపర్లో మంచి మార్కులు తెచ్చుకుంటాడు. ఎన్‌డీఏ రాతపరీక్షలో గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులుంటే, ఎస్‌ఎస్‌బీకి విడిగా 900 ఉంటాయి. వాటన్నిటినీ దాటి లోపలికి వెళ్తాడు. ఇక అక్కడ ఒక్కసారిగా రోజూ బూట్లతో డ్రిల్లు, పరుగు, బరువు మోస్తూ నడక మొదలవుతాయి. ఎముక మీద భారం హఠాత్తుగా పెరిగినప్పుడు శరీరం ముందుగా పాత ఎముకను కొంత తొలిచి, ఆ తర్వాతే కొత్త ఎముకను నింపుతుంది. తొలిచింది నిండే లోపు, అంటే మొదటి కొన్ని వారాలు, ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. ఆ దశలో భారం ఇంకా పెంచితే ముంగాలి ఎముక, అంటే మోకాలి కింద ముందువైపు ఉండే ఎముక, సన్నగా చిట్లుతుంది. దానినే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు.

నాకు తగిలింది అదే. రెండో టర్మ్‌లో ముంగాలు నొప్పి మొదలైంది. ఎం.ఐ. రూమ్‌కు, అంటే అకాడమీ వైద్య గదికి వెళ్లినవాడికి షిర్కర్ అనే ముద్ర పడేది, అంటే పని దొంగ అని. ఆ ముద్రకు భయపడి మూడు వారాలు నొప్పి దాచాను. చివరికి ఒక క్రాస్ కంట్రీలో కాలు కింద పెట్టలేక కూలబడ్డాను, ప్లాస్టరు పడింది, రెలిగేషన్ అయి ఆరు నెలలు వెనక్కి వెళ్లాను. మా నాయనకు ఆ సంగతి రాయడానికి వారం పట్టింది. ఇప్పుడు భారాన్ని మెట్లు మెట్లుగా పెంచడం, కాన్వాస్ పీటీ బూట్ల బదులు సరైన రన్నింగ్ షూస్ వాడటం, నొప్పి చెప్పినవాడిని వెంటనే వైద్యుడికి చూపించడం చూసి "సుకుమారం" అనేవాళ్లకు నేను నా కాలే చూపిస్తాను.

అయినా గాయాలు ఆగిపోయాయని అనుకోకండి. శిక్షణలో తీవ్రంగా గాయపడి మధ్యలోనే ఇంటికి పంపబడిన క్యాడెట్ల దుస్థితిని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. కమిషన్, అంటే అధికారిగా నియామకం, రాకముందే గాయపడినవారికి మాజీ సైనికుల హోదా దక్కదు. మాజీ సైనికుల వైద్య పథకాన్ని వారికీ వర్తింపజేయడం ఆ ఏడాదే జరిగింది. ఈ సంగతి తల్లిదండ్రులకు దరఖాస్తు పెట్టే ముందే తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

అపోహ: నీళ్లు తాగకుండా పరుగెత్తితే ఒళ్లు గట్టిపడుతుంది.

ఇది పాతకాలపు గొప్పగా ఇప్పటికీ చెలామణీ అవుతోంది, మన ఊళ్లో కొందరు పీటీ మాస్టార్లు కూడా నమ్ముతారు. దాహాన్ని శరీరం అలవాటు చేసుకోదు. వేడిని మాత్రం అలవాటు చేసుకుంటుంది, అందుకు పది పధ్నాలుగు రోజులు క్రమంగా ఎండలో శ్రమించాలి, శ్రమించేటప్పుడు నీళ్లు తాగాలి. మే నెల తిరుపతి ఎండలో నీళ్లివ్వకుండా పరుగెత్తించడం అంటే వడదెబ్బను పిలిచి పీట వేయడమే. నీళ్ల సీసా కనిపిస్తే శిక్షణ తేలికైందని తీర్పు చెప్పేవారితో నాకు వాదించే ఓపిక లేదు.

అపోహ: ఆడపిల్లలను చేర్చుకున్నాక ప్రమాణాలు దించారు.

చరిత్ర చూస్తే జరిగింది తలకిందులుగా ఉంది. వైద్య విభాగాలు కాకుండా ఇతర శాఖల్లోకి మహిళా అధికారులను 1992లో తీసుకోవడం మొదలైనప్పుడు చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో వారి శిక్షణ 24 వారాలే ఉండేది. ఆ తర్వాత మగవారితో సమానంగా 49 వారాలు చేశారు. అంటే ఆడపిల్లల విషయంలో శిక్షణ రెట్టింపైంది. ఎన్‌డీఏ తలుపులు 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో తెరుచుకున్నాయి; 2022లో చేరిన మొదటి జట్టు నుంచి 17 మంది 2025 మే 30న శిక్షణ ముగింపు పాసింగ్ అవుట్ పరేడ్‌లో అంతిమ పగ్, అంటే ఆఖరి అడుగు, దాటారు. కొన్ని శారీరక పరీక్షల్లో వారికి వేరే కొలమానాలు ఉన్నాయి. దానివల్ల పక్కనున్న అబ్బాయి పరుగు సమయంలో ఒక్క సెకను సడలింపు కూడా రాలేదు.

అపోహ: సైనిక్ స్కూల్లో చదివినవాడికి అకాడమీ అంటే సెలవుల్లాంటిది.

కలికిరిలో 2014లో సైనిక్ స్కూల్ వచ్చిన తర్వాత మన ప్రాంతంలో ఈ మాట ఎక్కువైంది. అక్కడ చదివినవాడికి మొదటి టర్మ్‌లో కొంత వెసులుబాటు ఉంటుంది, ఎందుకంటే బూట్లు మెరిపించడం, దుప్పటి మడత, అర నిమిషంలో వరుసలో నిలబడటం వాడికి ముందే వచ్చు. గ్రీన్‌హార్న్ అనే మొదటి శిక్షణ క్యాంపు దాకా వచ్చేసరికి ఆ తేడా కరిగిపోతుంది. పైగా వాడికి ఎన్‌డీఏలో రిజర్వు చేసిన సీటేదీ ఉండదు, అందరిలాగే యూపీఎస్సీ పరీక్ష రాయాల్సిందే.

"ఫోన్లు వచ్చి ఒంటరితనం తగ్గింది": ఇది అపోహ కాదు.

ఇది నిజంగా తేలికైంది, ఒప్పుకోవాలి. మాకు ఇన్లాండ్ లెటరు రానుపోను రెండు వారాలు పట్టేది, ఎస్‌టీడీ బూత్ ముందు వరుసలో నిలబడితే మన వంతు వచ్చేసరికి సమయం ముగిసేది. మా అవ్వ పోయిన సంగతి నాకు దినాలు అయిపోయాక తెలిసింది. ఇప్పుడు అనుమతించిన వేళల్లోనే అయినా అమ్మ గొంతు వినొచ్చు. అయితే దీనిలోనూ ఒక చిక్కుంది. మేము ఏడ్చింది ఉత్తరం చేరేలోపు ఆరిపోయేది. ఇప్పటి క్యాడెట్ ఏడుపు ఆ రాత్రే చిత్తూరులో ఇంటికి చేరుతుంది, తెల్లారేసరికి తండ్రి "వచ్చేయ్ నాయనా" అంటాడు. ఆ మాట విన్న తర్వాత పీటీకి లేవడం ఎంత కష్టమో నాకు అనుభవం లేదు.

పుత్తూరు ఆయనకు నేను ఇదంతా చెప్పలేదు. అబ్బాయిని ఇంటర్ రెండో ఏడు హాస్టల్ మాన్పించి ఇంటి నుంచే పంపమనీ, రోజూ గంటసేపు ఎండలో ఆడనివ్వమనీ, ముందు ఈత నేర్పించమనీ చెప్పాను. హాస్టల్ మాటకు తల అడ్డంగా ఊపారు. ఈతకు మాత్రం ఒప్పుకున్నారు. మూడు వారాలుగా ఆ అబ్బాయి కొలనుకు వస్తున్నాడు, ఇంకా గోడ పట్టుకునే ఉన్నాడు, కాళ్లు మాత్రం బాగానే కొడుతున్నాడు.