క్లాసుల వంశవృక్షాన్ని చూసి సర్వర్లు లెక్కపెట్టకండి: అపోహలు - వాస్తవాలు

సర్వర్లను, వాటి భాగాలను క్లాసులుగా (రకాలుగా) వర్ణించేందుకు డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ తెచ్చిన నమూనా సీఐఎం, సర్వర్ల నిర్వహణకు అదే సంస్థ నుంచి 2015లో వచ్చిన వెబ్ ప్రమాణం రెడ్‌ఫిష్. వీటి మీద మానిటరింగ్ స్క్రిప్టులు రాసేవాళ్లలో పాతుకుపోయిన నమ్మకాలివి. క్లాసు పేర్ల ముందుండే సీఐఎం అన్న ముక్కను ఇక్కడ వదిలేస్తున్నాం.

అపోహ: క్లాసుల ట్రీలో (వంశవృక్షంలో) పైనున్న క్లాసు అంటే, కిందిదాన్ని తనలో పెట్టుకున్న భాగం.

వాస్తవం: ట్రీ చెప్పేది రకాన్ని, చోటును కాదు. ఫ్యాన్‌కు హెల్త్‌స్టేట్ అనే ప్రాపర్టీ (లక్షణం) మేనేజ్డ్‌సిస్టమ్‌ఎలిమెంట్ అనే పై క్లాసు నుంచి, ఎనేబుల్డ్‌స్టేట్ ఎనేబుల్డ్‌లాజికల్‌ఎలిమెంట్ నుంచి, డివైస్‌ఐడీ లాజికల్‌డివైస్ నుంచి వస్తాయి. అది ఏ సర్వర్‌ది అన్నది సిస్టమ్‌డివైస్ అసోసియేషన్ (రెంటినీ కలిపే లింకు) వెంట వెళ్తేనే తెలుస్తుంది. సీఐఎంలో ఒక క్లాసుకు ఒక్కటే తల్లి క్లాసు. అందుకే భౌతిక రూపం, లాజికల్ రూపం వేరువేరు కొమ్మల్లో ఉంటాయి. స్లాట్లలో ఉన్న ఒక్కో డిమ్ (మెమరీ కార్డు) ఒక ఫిజికల్‌మెమరీ. వాటన్నిటితో కలిసి వాడకానికి వచ్చేది మెమరీ. రెంటినీ కలిపేది రియలైజెస్ అసోసియేషన్. ఈ రెండు క్లాసుల సైజులూ కూడితే ర్యామ్ రెట్టింపు కనిపిస్తుంది.

అపోహ: కంప్యూటర్‌సిస్టమ్ క్లాసు ఇన్‌స్టన్సులు (ఆ రకానికి చెందిన ఒక్కో వస్తువు) ఎన్నో, సర్వర్లు అన్ని.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తల్లి క్లాసును అడిగితే పిల్ల క్లాసుల ఇన్‌స్టన్సులూ వస్తాయి. సర్వర్‌ను దూరం నుంచి నిర్వహించడానికి అందులోనే ఉండే చిన్న చిప్ బీఎంసీని కూడా చాలాచోట్ల కంప్యూటర్‌సిస్టమ్‌గానే చూపిస్తారు. డెడికేటెడ్ ప్రాపర్టీలో 28 ఉంటే అది మేనేజ్‌మెంట్ కంట్రోలర్, దాన్ని లెక్కలోంచి తీసేయాలి.

ఇన్‌స్టన్సుల జాబితా తెచ్చే ఎన్యూమరేట్‌ఇన్‌స్టన్సెస్ ఆదేశంలో డీప్‌ఇన్‌హెరిటెన్స్ ఆప్షన్‌ను ఫాల్స్ చేస్తే పిల్లలు రారనుకోవడం ఇంకో పొరపాటు. అలా చేసినా ఇన్‌స్టన్సులు అన్నీ వస్తాయి, పిల్ల క్లాసు సొంతంగా చేర్చుకున్న ప్రాపర్టీలు మాత్రం రావు. సెన్సర్ క్లాసును అలా అడిగితే కొలత చూపే కరెంట్‌రీడింగ్ కనపడదు, ఎందుకంటే దాన్ని చేర్చింది న్యూమరిక్‌సెన్సర్. హార్డ్‌వేర్ పాడైందని ఫిర్యాదు పెట్టేముందు ఇది చూసుకోండి. పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టన్స్ కమాండ్‌కు షాలో స్విచ్ ఇస్తే పిల్ల క్లాసుల ఇన్‌స్టన్సులు నిజంగానే రావు.

అపోహ: కరెంట్‌రీడింగే ఉష్ణోగ్రత.

వాస్తవం: దాన్ని 10కి యూనిట్‌మాడిఫయర్ ఘాతంతో గుణించాలి. రీడింగ్ 350, మాడిఫయర్ -1, బేస్‌యూనిట్స్ 2 (సెల్సియస్‌కు కోడ్) అయితే 35 డిగ్రీల సెల్సియస్.

అపోహ: కీ ప్రాపర్టీలు (ఇన్‌స్టన్సును గుర్తించేవి) తెలుసు కాబట్టి ఆబ్జెక్ట్ పాత్ (దాని చిరునామా) మనమే కట్టేయొచ్చు.

వాస్తవం: లాజికల్‌డివైస్ కీలు నాలుగు: సిస్టమ్‌క్రియేషన్‌క్లాస్‌నేమ్, సిస్టమ్‌నేమ్, క్రియేషన్‌క్లాస్‌నేమ్, డివైస్‌ఐడీ. వీటిలో రెండు క్లాసు పేర్లే, సాధారణంగా తయారీదారు సొంత పిల్ల క్లాసువి. సర్వర్ బ్రాండు మారితే మీరు చేత్తో రాసిన పాత్ పనిచేయదు. ఎన్యూమరేషన్ ఇచ్చిన పాత్‌నే యథాతథంగా తిరిగి పంపండి.

అపోహ: రెడ్‌ఫిష్‌లో వారసత్వమే లేదు.

వాస్తవం: ఉంది, లోతు తక్కువ. రిసోర్స్ మూల రకం, దానికింద కంప్యూటర్‌సిస్టమ్ వంటివి, వాటికింద వెర్షన్లు. 1.1.0 రకం 1.0.0 నుంచి పుడుతుంది. అందుకే జవాబులో రకం పేరు, వెర్షన్ చెప్పే ఓడేటా టైప్‌లోని వెర్షన్ అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలని స్క్రిప్టులో పట్టుబట్టకండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రోజే అది ఆగిపోతుంది. రకం పేరు చూడండి, తెలియని ప్రాపర్టీని దాటేయండి. తయారీదారు అదనపు వివరాల కోసం ఓఈఎం భాగంలో వెతకండి.